సీసా మీద లేని చెరకు

చక్కెర మిల్లు ల్యాబ్‌లో పనిచేసినవాడికి మొలాసిస్, అంటే చక్కెర తీశాక మిగిలే మడ్డి, ఒక నష్టం లెక్క. టన్ను చెరకు ఆడితే నలభై, నలభై ఐదు కిలోల దాకా దిగుతుంది. అందులో ఇంకా ఎంత చక్కెర చిక్కుకుపోయిందో చూడటం, ఎక్కువుంటే చక్కెర కాచే పాన్ దగ్గర వాళ్లతో గొడవపడటం నా ఉద్యోగం. ట్యాంకర్ గేటు దాటి డిస్టిలరీ వైపు మళ్లాక అది మా ఖాతాలోది కాదు, అబ్కారీ వాళ్ల ఖాతాలోది. ఆ తర్వాత ఏ సీసాలో చేరింది, ఆ సీసాకి ఏం పేరు పెట్టారు అన్నది మిల్లులో ఎవరికీ పట్టదు. ఉత్తరాంధ్రలో రిటైరైపోయి ఇప్పుడు ఏడాదిలో కొన్నాళ్లు జర్మనీలో, డ్యూసెల్‌డార్ఫ్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. పట్టించుకోని ఆ ఖాతా ఇక్కడ నా ముందు తెరుచుకుంది.

మా అల్లుడు మర్యాదస్తుడు. మామగారి ఎదుట గ్లాసు పట్టుకోవడానికి చాలాకాలం మొహమాటపడ్డాడు. ఆ మొహమాటాన్ని పోగొట్టింది ఈ ఊరే. ఇక్కడి పాతబస్తీ ఆల్ట్‌స్టాట్‌ని ‘ప్రపంచంలోకెల్లా పొడవైన బార్’ అని ఊరివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. అక్కడ బీరు వడ్డించేవాణ్ణి కోబెస్ అంటారు. నీలం ఏప్రన్ కట్టుకుని వచ్చి, మనం అడగకుండానే పావు లీటరు ఆల్ట్‌బియర్ ముందు పెట్టి, గ్లాసు కింది అట్ట మీద పెన్సిల్‌తో గీత గీసి పోతాడు. ఖాళీ అయితే మళ్లీ తెస్తాడు. ఇక చాలనుకుంటే ఆ అట్ట తీసి గ్లాసు మీద మూత పెట్టాలి, నోటితో చెబితే సరిపోదు. ఇంత హడావుడిలో మామా అల్లుళ్ల మధ్య బిడియం ఎంతసేపు నిలుస్తుంది? ఆల్ట్‌బియర్ సీసా కొన్నా దాని మీద నీళ్లు, బార్లీ మాల్ట్, హాప్స్, ఈస్ట్ అని రాసి ఉంటుంది. బీరులో ఏం వేయాలో బవేరియాలో 1516లోనే చట్టం చేసుకున్న జాతి ఇది. సీసా తిప్పి వెనక చదవడం నాకు అలవాటైంది ఇక్కడే.

ఇమ్మర్‌మన్ ష్ట్రాసె ఇక్కడ జపానువాళ్ల వీధి. దానికి దగ్గర్లో ఆసియా సరుకుల కొట్టు ఒకటుంది. కరివేపాకు కోసం వెళ్తే చేప సాస్ సీసాల పక్కన బంగారు రంగు సీసా కనిపించింది. పేరు మెకాంగ్, థాయిలాండ్‌ది. ఇంట్లో అప్పటికే తెల్లటి సీసా ఇంకోటి ఉంది. ఫుకెట్ వెళ్లొచ్చిన స్నేహితుడెవరో అల్లుడికి తెచ్చిచ్చిన చలాంగ్ బే. “రెండూ చెరకువే మామయ్యగారూ, మీ సబ్జెక్టే” అని బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

మెకాంగ్ కథ పాతది. 1941లో, మెకాంగ్ నది అవతలి నేల కోసం థాయిలాండ్ ఫ్రెంచివాళ్లతో తగువులో ఉన్న రోజుల్లో, ఆ నది పేరే పెట్టి సర్కారు డిస్టిలరీ నుంచి బయటికి తెచ్చారు. బ్యాంకాక్‌లో బాంగ్‌యీఖాన్ అనే చోట ఉండేది ఆ డిస్టిలరీ. స్పిరిట్‌లో నూటికి తొంభై ఐదు పాళ్లు చెరకు మొలాసిస్‌ది, మిగతా ఐదు బియ్యానిది. దాంట్లో దినుసులు కలుపుతారు. ఘాటు 35 శాతం. గ్లాసులో పోయగానే కాల్చిన చక్కెర, దాని వెనక దాల్చినచెక్క లాంటి వాసన. తియ్యగా దిగుతుంది, దిగాక నాలుక మీద ఏదీ మిగలదు. చెడ్డదేం కాదు. ఐస్, సోడా పోసుకుని తాగడానికి చేసిందే అది. థాయిలాండ్‌లో దశాబ్దాలుగా జనం దాన్ని విస్కీ అనే పిలుచుకున్నారు.

రెండో సీసా మూత తీసినప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. ఆవిడ తాగదు, తాగేవాళ్లని మెచ్చుకోదు. పుట్టింట్లో బెల్లం వండేవాళ్లు. అనకాపల్లి మార్కెట్‌కి దిమ్మలు బండి మీద వెళ్లేవి. సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి, “ఇది క్రషర్ దగ్గర వాసన కదండీ” అంది. అదే. పెనం ఎక్కకముందు, సున్నం తగలకముందు, తెట్టు తీయకముందు తొట్టిలో పచ్చిగా ఉన్న రసం వాసన, పక్కన తడి పిప్పి వాసన. నోట్లో వేసుకుంటే ముందు పచ్చిగడ్డి, తర్వాత నిమ్మతొక్క, ఆఖరున చెరకు కణుపు నమిలినప్పటి వగరు. 40 శాతం ఘాటున్నా గొంతు పట్టుకోలేదు. చెరకుతోనే బతికినవాణ్ణి, చెరకు నుంచి తీసిన మందులో చెరకును గుర్తుపట్టడం మాత్రం కొత్తగా అనిపించింది.

కారణం పెద్ద రహస్యం కాదు. చలాంగ్ బేని ఫుకెట్‌లో పెట్టింది ఇద్దరు ఫ్రెంచివాళ్లు, మరీన్ లూకీనీ, తిబో స్పితాకిస్. మొలాసిస్ జోలికి పోకుండా తాజా చెరకు రసాన్నే పులియబెట్టి, ఫ్రాన్స్ నుంచి తెచ్చుకున్న రాగి బట్టీలో దించుతారు. రసంతో చేయడంలో ఒక చిక్కుంది. చెరకు నరికాక ఒక రోజు దాటితే అందులో చక్కెర విరగడం మొదలవుతుంది. రసం తీశాక అయితే గంటల లెక్కే. అందుకే బట్టీ పొలానికి దగ్గరగా ఉండాలి, పని కోతల కాలంలోనే జరగాలి. మొలాసిస్‌కి ఈ బాధ లేదు. ట్యాంకులో నెలల తరబడి కూర్చుంటుంది, రైలెక్కి వందల మైళ్లు వెళ్తుంది, ఏడాది పొడవునా డిస్టిలరీ నడుస్తుంది. టన్ను మొలాసిస్ నుంచి రెండు వందల లీటర్ల పైన స్పిరిట్ వస్తుంది. దాన్ని పొడవాటి కాలమ్‌లలో 96 శాతం దాకా శుద్ధి చేశారంటే అది చెరకుదో, నూకలదో, బీట్‌రూట్‌దో బ్రహ్మదేవుడు కూడా వాసన చూసి చెప్పలేడు. లోకంలో చవక మందు చాలావరకు ఇదే.

ఇక లేబుళ్ల సంగతి. యూరోపియన్ యూనియన్‌లో 2019 నాటి 787వ నంబరు నియమావళి ఒకటుంది. దాని ప్రకారం రమ్ అనాలంటే చెరకు రసం, పాకం, మొలాసిస్‌లలో ఒకదానితోనే చేసి ఉండాలి, ఘాటు 37.5 శాతానికి తగ్గకూడదు, చెరకు గుణం పోయేంతగా శుద్ధి చేయకూడదు. విస్కీ అనాలంటే ధాన్యంతో చేయాలి, కనీసం మూడేళ్లు కర్రపీపాల్లో ఊరాలి, 40 శాతం ఉండాలి. బ్రాందీకి ద్రాక్ష సారాయే ఆధారం. ఈ లెక్కన 35 శాతం మెకాంగ్ ఇక్కడ రమ్ము కాదు, విస్కీ అసలే కాదు, ఉత్తి ‘స్పిరిట్ డ్రింక్’. స్పిరిట్లకు దినుసుల పట్టీ పూర్తిగా వేయాలన్న నిబంధన ఇక్కడా లేదు. ఆ పేరే పూచీ. అబద్ధపు పేరు పెడితే సరుకు అరల్లోంచి దిగిపోతుంది.

జర్మన్లు సత్యహరిశ్చంద్రులని నేననను. ఈ దేశపు ఉత్తరపు కొసన ఫ్లెన్స్‌బుర్గ్ అనే రేవు ఉంది. 1864 దాకా డెన్మార్క్ రాజుది. అక్కడి ఓడలు కరీబియన్‌లోని డేనిష్ దీవులకు వెళ్లి చక్కెర, రమ్ము తెచ్చేవి. తర్వాతి కాలంలో దిగుమతి సుంకాలు బరువయ్యేసరికి ఒక ఉపాయం పట్టారు. జమైకా నుంచి ముక్కు బద్దలయ్యేంత ఘాటు వాసన ఉన్న రమ్ము కొద్దిగా తెప్పించుకుని, స్థానికంగా చేసిన స్పిరిట్‌లో కలిపేయడం. మొత్తం ఆల్కహాల్‌లో నూటికి ఐదు పాళ్లు అసలు రమ్ము ఉంటే చాలు. మనవాళ్ల తెలివితేటలకేం తీసిపోదు. ఆ సరుకు నేటికీ అమ్ముతారు, కేకుల్లో వేస్తారు, చలికాలంలో టీలో పోసుకుంటారు. అయితే సీసా మీద ‘రమ్’ పక్కనే ‘ఫెర్‌ష్నిట్’, అంటే కలిపినది, అని రాసి తీరాలి. అదీ అదే అక్షరాల్లో, అదే సైజులో, అదే రంగులో. కలపడం నేరం కాదు. కలిపిన సంగతి కొనేవాడి కంట పడకుండా దాచడం నేరం.

ఇప్పుడు కాకినాడలోనో కరీంనగర్‌లోనో కౌంటర్ ముందు నిలబడి క్వార్టర్ బ్రాందీ అడిగే మనిషిని తలుచుకోండి. చవక రకాల్లో అతని చేతికి వచ్చేది మొలాసిస్ నుంచో నూకల నుంచో తీసిన న్యూట్రల్ స్పిరిట్. దానికి నీళ్లు చేర్చి 42.8 శాతానికి దించి, కారమెల్ రంగు, ఎసెన్స్ వేస్తారు. ద్రాక్ష అందులో ఉన్నా ఆయుర్వేద మందులో వేసే తేనెంత. పక్కనున్న విస్కీదీ అదే తంతు, ఎసెన్స్ మారుతుంది. పేరుకు తగ్గట్టు ఉండేది ఒక్క రమ్మే. 1954 నుంచి వస్తున్న ఓల్డ్ మంక్‌ని మొలాసిస్ సరుకంటే ఎవరూ నొచ్చుకోరు, అది చెప్పుకునేదే అది. విస్కీ తాగేవాడు మాత్రం రమ్ము తాగేవాణ్ణి చిన్నచూపు చూస్తాడు. ఇద్దరి గ్లాసుల్లోనూ ఉన్నది ఒకే ట్యాంకర్‌లో వచ్చి ఉండొచ్చని ఇద్దరికీ తెలియదు.

మనకు చేతకాక ఇలా ఉన్నామా అంటే అదీ కాదు. బెంగళూరు అమృత్ డిస్టిలరీ బార్లీతో చేసిన సింగిల్ మాల్ట్‌ని 2004లో స్కాచ్ వాళ్ల గడ్డ మీదే, గ్లాస్గోలో విడుదల చేసింది. హర్యానా పికడిలీ సంస్థ చెరకు రసంతో చేసి పీపాల్లో ఊరబెట్టిన ‘కామికర’ రమ్మును 2022లో తెచ్చింది. కాకపోతే ఈ సరుకు డబ్బున్నవాడికి. అతనికి లేబుల్ మీద చెరకు రకం దగ్గర్నుంచి పీపా చరిత్ర దాకా వివరంగా చెబుతారు. కూలి డబ్బుతో క్వార్టర్ కొనేవాడికి సీసా మీద గుర్రం బొమ్మో కోట బొమ్మో చాలనుకుంటారు. ధరలో ఎక్కువ భాగం పన్నుగా కట్టేది ఇతను, సరుకు గురించి ఏమీ తెలియనిదీ ఇతనికే.

ఇది కంపెనీల దొంగతనమని తోసిపారేస్తే తేలిగ్గా ఉంటుంది. నాకు మాత్రం మూలం సర్కారు ఖజానాలో కనిపిస్తుంది. థాయిలాండ్ సంగతే చూడండి. అక్కడ 2022 నాటి నిబంధనల ప్రకారం విస్కీ, బ్రాందీ లాంటివి చేయాలంటే రోజుకు 30,000 లీటర్లు తీయగల ఫ్యాక్టరీ ఉండాలి. తెల్ల మందుకైతే 90,000 లీటర్లు. ఊళ్లో చేసుకునే చిన్న బట్టీకి ఐదు హార్స్‌పవర్ యంత్రం, ఏడుగురు పనివాళ్లు దాటకూడదు. మధ్యలో ఎవరూ మొలకెత్తకుండా కంచె అది. ఫలితంగా మెకాంగ్, సాంగ్‌సోమ్ వగైరాలు చేసే థాయ్‌బెవ్ లాంటి కొద్దిమందే మహావృక్షాలయ్యారు. ఇంట్లో బీరు కాచినందుకు 2017లో అరెస్టయిన తావో పిపోప్ అనే కుర్రాడు 2019లో ఎంపీ అయి, ఈ కంచె తీసేయమని బిల్లు పెట్టాడు. 2022 నవంబర్ 2న పార్లమెంట్‌లో 196–194 తేడాతో ఓడిపోయింది. ఓటింగుకు ముందురోజే ప్రభుత్వం తానే నిబంధనలు కొంత సడలించి గాలి తీసేసింది. చెప్పొచ్చేదేమిటంటే, ఏ సర్కారుకైనా పన్ను వసూలుకి నాలుగు పెద్ద కుళాయిలుంటే హాయి. కుళాయిలోంచి ఏం వస్తోందన్నది దానికి రెండో విషయం కూడా కాదు.

మన దగ్గరా వేలం, లైసెన్సు, డిపో, సర్కారీ దుకాణం, ప్రైవేటు దుకాణం అంటూ ప్రభుత్వం మారినప్పుడల్లా పాలసీ మారింది. ధర ఎంత, షాపులెన్ని, బెల్టు షాపులు ఎవరివి, కమీషన్ ఎవరికి పోయింది అన్నదాని మీద అసెంబ్లీలు దద్దరిల్లాయి. సీసాలో ఉన్నది దేనితో చేసిందన్న ప్రశ్న మీద వాకౌట్ జరిగినట్టు నేను వినలేదు.

ఇక్కడ ఒక ఆడమనిషి గొంతు అడ్డు వస్తుందని నాకు తెలుసు, రావాలి కూడా. 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరా పంపింది. ఆ సారా ఏమిటనుకున్నారు? మొలాసిస్ స్పిరిట్టే, నీళ్లు కలిపింది. మా ట్యాంకర్లు వెళ్లిన దారే అది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతో అక్షరాస్యత తరగతుల్లో చదువుకునే ఆడవాళ్లు ఆ ప్యాకెట్లకు ఎదురు నిలబడ్డారు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా ఆగింది. 1995లో ఎన్టీఆర్ పూర్తి మద్యనిషేధం పెట్టారు, 1997లో చంద్రబాబు హయాంలో అది పోయింది. సారా పోయిన చోట క్వార్టర్ సీసా కూర్చుంది. మా ఆవిడ మేనమామ ఒకాయన ప్యాకెట్లు ఆగాక సీసాలకు మారాడు. ఆవిడ ఇప్పటికీ అంటుంది, “మావయ్యకి బాధ తగ్గలేదు, ఖర్చు పెరిగింది” అని. చవక స్పిరిట్‌కే రంగు, ఎసెన్స్, పన్ను తోడయ్యాయి. ఆడవాళ్లు అడిగింది అది కాదు.

అందుకే నేను తాగమని రాయడం లేదు. డాక్టర్లు చెప్పే మాట మీద నాకు పేచీ లేదు. మందు ఏ రకమైనా కాలేయానికి ఆల్కహాలే. నాటుసారా, గుడుంబాలను వెనకేసుకొచ్చే ఉద్దేశమూ లేదు. నల్లబెల్లం ఊటలో పటిక, నవసారం వేసి, మొదట దిగేదీ చివర దిగేదీ వేరు చేయకుండా పట్టే సరుకు అది. ఒక్క మాట మాత్రం ల్యాబ్ మనిషిగా చెప్పాలి. చెరకు పులిస్తే మెథనాల్ పుట్టేది చాలా తక్కువ. దేశంలో పదులకొద్దీ మనుషులు ఒకే రాత్రి కుప్పకూలిన పెద్ద ఘోరాల్లో చాలావాటిలో చేటు తెచ్చింది పరిశ్రమల మెథనాల్‌ని ఎవడో తెచ్చి కలపడం. ఏది దేనితో చేశారో చెప్పక్కర్లేని బజార్లో ఆ కలిపేవాడికి పని సులువు.

ప్రాచీనులైనా ఈ విషయంలో మనకంటే నయం. మనుస్మృతి సురను నిషేధిస్తూనే దాన్ని మూడుగా విడగొట్టింది. బెల్లంతో చేసింది గౌడి, పిండితో చేసింది పైష్టి, మూడోది మాధ్వి. వద్దనడానికైనా అది దేనితో చేసిందో ముందు తెలియాలని ఆ కాలానికే తోచింది.

చెరకు రైతు వైపు నుంచి కూడా ఒక మాట. మా ప్రాంతంలో తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ మిల్లులు మూతపడ్డాయి. తెలంగాణలో ఒకప్పుడు ఆసియాకే పెద్దదని చెప్పుకున్న బోధన్ నిజాం షుగర్స్ 2015లో ఆగిపోయింది. కేంద్రం 2018 నుంచి చెరకు రసాన్ని నేరుగా ఇథనాల్‌కి అనుమతించింది. 2023 డిసెంబర్‌లో చక్కెర తగ్గుతుందని భయపడి పట్టు బిగించింది, తర్వాత వదిలింది. అంటే కారు ట్యాంకుకి చెరకు రసం నేరుగా పోవచ్చు, దాని మీద ఢిల్లీలో చర్చ జరుగుతుంది. అనకాపల్లి చెరకు అని పేరు వేసి, ఫలానా మండలం తోటలదని చెప్పి, నిజాయితీగా నాలుగు రెట్లు ధరకు ఎగుమతి చేయగల సరుకు గురించి మాట్లాడితే మాత్రం అందరూ ఇబ్బందిగా నవ్వుతారు. థాయిలాండ్ ఈశాన్యాన నాంగ్ ఖాయ్‌లో ‘ఇసాన్’ పేరుతో, ఆ ప్రాంతం పేరుతోనే, రసంతో చేసిన రమ్ము అమ్ముతున్నారు. దానివల్ల ఊరు మొత్తం బాగుపడిపోయిందని నేను అనను. ఆ సీసా మీద ప్రాంతం పేరు, చెరకు పేరు ఉన్నాయి, మన సీసాల మీద లేవు.

అబ్కారీలో పనిచేసి రిటైరైన మిత్రుడికి ఫోన్‌లో ఇదంతా చెబితే నవ్వాడు. “క్వార్టర్ కొనేవాడు లేబుల్ చదువుతాడా, ధర చూస్తాడు గానీ” అన్నాడు. చదవడని ఎలా తెలుసు? చదవడానికి ఏం రాశారని? సీసా మీద ‘ఆరోగ్యానికి హానికరం’ అన్న హెచ్చరికకు చోటుంది. అబ్కారీ హోలోగ్రామ్‌కి చోటుంది. ఎమ్మార్పీకి చోటుంది. వాటి పక్కన, హెచ్చరిక ఉన్నంత పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఒక్క వాక్యం చాలు: “మొలాసిస్ స్పిరిట్, రంగు, ఎసెన్స్ కలిపినది.” నూకలదైతే నూకలని. ద్రాక్షదైతే ద్రాక్షని, ఎన్ని పాళ్లో అంకెతో సహా. కొత్త చట్టం దాకా ఎందుకు, సరుకంతా ప్రభుత్వ డిపోల మీదుగానే వెళ్తుంది కాబట్టి లేబుల్ అనుమతి ఇచ్చేటప్పుడే షరతు పెట్టొచ్చు. మొదలుపెట్టాల్సింది ఖరీదైన సీసాలతో కాదు, అన్నిటికన్నా చవక క్వార్టర్‌తో.